ఈ మాట ఎవలకు చెప్తున్నడు?

మా ఇంగ్లీషు మేడమ్ పోయారని బోధన్ నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయింది బిడ్డా, పొద్దుగాల" అంది. నాకు వెంటనే ఏడుపు రాలేదు. "డాక్టర్ వచ్చి చూసిండా చిన్నమ్మా?" అని అడిగాను. విన్నదాన్ని ముందు అనుమానించడం మేడమ్ చెప్పిన చదువే.

నిజామాబాద్ డిగ్రీ కాలేజీలో ఆవిడ మాకు విదేశాల్లో స్థిరపడ్డ మనవాళ్ల నవలలు చెప్పేవారు. ఆ పుస్తకాల చివర చపాతీ, చీర, అత్త లాంటి మాటలకు అర్థాలిచ్చే పేజీలుంటాయి. మేడమ్ ముందు వాటినే తిప్పేవారు. "చపాతీ అంటే ఏందో మీకు తెల్వదా? మరి గీ మాట ఎవలకు చెప్తున్నడు?" అనేవారు. నవలంతా చదివాక, అది మనకోసం కూడా రాసిందే అని నమ్మకం కుదిరితే, ఆ అర్థాల పేజీలు ఇక తెరుచుకోకుండా సూదీ దారంతో కుట్టేసేవారు. ఆవిడ బీరువాలో కుట్టు పడ్డ పుస్తకాలు బహు తక్కువ.

ఒకసారి, చెరుకు తోటల పనికి ఓడల్లో దీవులకు తరలించిన కూలీల మనవడు రాసిన నవల తెచ్చారు. మాలో సగం మంది కోటగిరి, బోధన్ వైపు చెరుకు రైతుల పిల్లలం. "మనోడే మేడమ్" అని మురిసిపోయాం.

"పేరు మనదే. చూపు ఎవలదో చూడుండ్రి. చెరుకు నములుడు గంత వింతనా? పక్కన ఎవలో నిలవడితే వాళ్లకు చూపిస్తున్నడు. తెల్లోళ్ల రాజ్యం పోయింది గని, గా నిలవడ్డోడు ఇంక పోలే" అన్నారు. ఆ పుస్తకం కుట్టలేదు.

ఇంకో నవలలో, మనవలు తెల్లదొరల్లా బతకాలని ఒక అవ్వ తన భాషను ఇంట్లో దాచేస్తుంది. చివరి ఘడియల్లో ఆ భాషలోనే దాహం అడుగుతుంది. ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. చదువుతూ మేడమ్ ఆగిపోయి కళ్లద్దాలు తుడుచుకున్నారు. సాయంత్రం దాన్ని కుట్టారు.

మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ కాలనీ మీద నేనూ ఇంగ్లీషులో నవల రాశాను. ఢిల్లీ ప్రచురణకర్త దాని చివరా అర్థాలు చేర్చాడు. మేడమ్‌కు ఇస్తే వెనక పేజీలే తిప్పారు. అద్దాల మీదుగా నన్ను చూసి "చూస్త" అన్నారు. ఎన్నో నెలలు ఎదురుచూశాను. ఏదో వంకతో ఫోన్ చేస్తే మోకాళ్ల నొప్పులు, చర్చిలో పాటల ముచ్చట్లే తప్ప నవల ఊసెత్తేవారు కారు. నాకు ఒళ్లు మండేది. ఆవిడ ఒక్క మాట కోసం అంత ఆశపడ్డాను.

సమాధి కార్యక్రమం అయ్యాక చిన్నమ్మ నా పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. వెనక పేజీలకు కుట్లున్నాయి. పెద్ద పెద్ద వంకర కుట్లు. మేడమ్ కుట్లు అలా ఉండవు.

"ఇవి నువ్వు కుట్టినవా?"

"నేనే కుట్టిన బిడ్డా. అక్క చేతులు వణుకుతుండె. పక్కన కూసొని కుట్టిపిచ్చింది."

నన్ను ఓదార్చడానికి అంటోందా? ఆమె మొహంలోకి చూశాను. ఏమీ తెలియలేదు. పుస్తకం తిప్పితే చివరి కుట్టు దగ్గర సూది అలాగే వేలాడుతోంది.

"ముడెయ్యలేదేం?"

"ముడి నేనేస్త, ఇంకోసారి చదివి ఏస్త అన్నది" అంది చిన్నమ్మ.

ఇప్పుడా పుస్తకం నా బల్ల మీద ఉంది. ముడి వేయడానికి నాకు చేతులు రావడం లేదు. ఫ్యాన్ వేసినప్పుడల్లా సూది దారం చివర ఊగుతూ అట్టకు తగులుతుంటుంది.