పొట్లకాయకు కట్టే రాయి ఎంతుండాలి

నా చిన్నప్పుడు నవ్వు కంటే ముందు నా చెయ్యి లేచేది. కుడిచెయ్యి వచ్చి నోటిని కప్పేశాకే నేను నవ్వేదాన్ని. ముందరి పళ్ళు రెండూ పెదవిని దాటి బయటికి ఉండేవి. ఆ రెండింటి మధ్యన ఒక సందు. అంత పెద్దపిల్లనైనా బొటనవేలు చప్పరించే అలవాటు మాత్రం పోలేదు. మా అమ్మ వేపాకు నూరి వేలికి పూసేది. నేను ఆ చేదంతా గొంగడికి తుడిచేసి, మళ్ళీ వేలు నోట్లో పెట్టుకొని పడుకునేదాన్ని.

మాది నడిగూడెం దగ్గర ఒక చిన్న ఊరు. గొర్రెలు కాసే ఇల్లు. నేను బడికి పోయింది కొన్నాళ్ళే. ఆ కొన్నాళ్ళలోనే పిల్లలు నాకు 'పారపండ్లు' అని పేరు పెట్టేశారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇంట్లో మిగిలింది, ఈ పేరు ఊరంతా తిరిగింది.

మా తాతయ్యకు పళ్ళ సంగతి బాగా తెలుసు. కాకపోతే గొర్రెల పళ్ళ సంగతి. అంగడిలో గొర్రెను కొనేముందు ఎడమచేత్తో దాని దవడ పట్టుకొని, బొటనవేలితో కింది పెదవిని లాగి చూసేవాడు. ఇంకా పాలపళ్ళే ఉన్నాయా, రెండు పళ్ళు వేసిందా, నాలుగు వేసిందా అని చూసి దాని వయసు చెప్పేవాడు. అమ్మేవాడు ఎంత వాదించినా తాతయ్య మాట మారేది కాదు. నేను పక్కన నిలబడి గొర్రెను చూసి కుళ్ళుకునేదాన్ని. దాని పెదవి ఎత్తి చూసినా ఎవరూ నవ్వరు కదా అని.

ఆ ఏడు మా చిన్నమ్మ పెళ్ళి కుదిరింది. మిర్యాలగూడ వైపు సంబంధం. పెళ్ళికూతురి పక్కన తోడు పెళ్ళికూతురిగా కూర్చునేది నేనేనని మా చిన్నమ్మ ఎప్పుడో మాటిచ్చింది. నాకు కొత్త లంగా కూడా కుట్టించారు. ఒకరోజు ఇంటినిండా ఆడవాళ్ళు కూర్చొని బియ్యం చెరుగుతుంటే, ఆ మాట వచ్చింది. వరసకు నాకు అత్త అయ్యే ఒకామె నన్ను పైకీ కిందికీ చూసి, "దీన్ని కూసోబెడితే పెండ్లోళ్ళకు మొఖం కంటే ముందు పండ్లు కనపడ్తయ్" అన్నది. చేటలు ఆపి అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, చెయ్యి అడ్డం పెట్టుకొని. ఆ తరువాత ఇంకొక పిల్ల పేరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. మా చిన్నమ్మ తల దించుకుంది.

పెళ్ళి ఎంతో దూరం లేదు. ఆ లోపల నా పళ్ళు లోపలికి పోవాలి. ఎట్లా పోవాలో నాకు తెలుసుననే అనుకున్నాను.

మా ఇంటి వెనక పొట్లపాదు ఉండేది. తాతయ్యే పందిరి వేశాడు. పిందె పడి వేలెడంత అయ్యేసరికి అది పాములా మెలిక తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు దాని కొసకు ఒక చిన్న రాయి కడతారు. ఆ బరువుకు కాయ నిటారుగా దిగుతుంది. ఇది మా వైపు పసిపిల్లలకు కూడా తెలిసిన పని. వంకర కాయను చక్కన చేసే ఉపాయం ఇంట్లోనే ఉండగా నేను ఏడవడం ఎందుకనిపించింది.

గొర్రెల దొడ్డి వెనక్కి పోయాను. తాతయ్య కదురు మీద వడికిన ఉన్ని దారం కొంత తెంపుకున్నాను. రెండు పళ్ళకూ కలిపి చుట్టి ముడి వేశాను. పళ్ళకు రాయి కట్టలేను కనుక దారం రెండు కొసలూ బుగ్గల మీదుగా తీసుకుపోయి, తల వెనక బిగించి కట్టాను. ఎంత బిగిస్తే అంత తొందరగా అయిపోతుందని, ఊపిరి బిగబట్టి ఇంకో ముడి వేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి పుడుతున్నదంటే పని అవుతున్నదనే అనుకొని గోడకు ఆనుకొని కూర్చున్నాను.

గొర్రెపిల్లలకు నీళ్ళు పెట్టడానికి వచ్చిన తాతయ్య నన్ను చూశాడు.

"ఏందే బిడ్డా ఇది? దూడకు మూతిబుట్ట కట్టినట్టు కట్టుకున్నవ్?"

నోరు కట్టేసి ఉంది, ఏం చెప్పను. ఆయన నవ్వుతూనే దగ్గరికి వచ్చి, అంగడిలో గొర్రెకు చేసినట్టు నా పెదవి ఎత్తి చూశాడు. చూడగానే నవ్వు ఆగిపోయింది. దారం పైకి జారి చిగురులోకి దిగిపోయి ఉంది. ఉన్ని కత్తిరించే కత్తెరతో తల వెనక ముడి కోశాడు. పళ్ళ దగ్గరి దారాన్ని మాత్రం గోటితో ఒక్కొక్క పోగే విప్పాడు. ఎప్పుడూ మంద వెనక పరుగెత్తే మనిషి అంత నిదానంగా పని చేయడం నేను అంతకు ముందు చూడలేదు. ఉప్పునీళ్ళు తెచ్చి పుక్కిలించమన్నాడు. నీళ్ళు ఎర్రగా పడ్డాయి.

తిట్టలేదు. ఎందుకు చేశావనీ అడగలేదు. నేనే ఏడ్చుకుంటూ అడిగాను, పొట్లకాయకు కడితే చక్కనవుతుంది కదా, నాకెందుకు కాదని.

తాతయ్య నన్ను పందిరి కిందికి తీసుకుపోయాడు. పక్కపక్కనే రెండు లేత పిందెలు మెలిక తిరిగి ఉన్నాయి.

"ఇది నీది, అది నాది. నీకు ఇష్టమొచ్చిన రాయి కట్టుకో పో. ఎవల్ది ముందు సక్కగైతదో సూద్దాం" అన్నాడు.

నాకు ఏడుపు పోయింది. దొడ్డి అంతా వెతికి, నా పిడికిట్లో పట్టనంత రాయి తెచ్చాను. తాతయ్య ఉసిరికాయంత గులకరాయి ఏరుకున్నాడు. కట్టగానే నా పిందె గూటానికి వేలాడే తాడులా నిలువునా సాగింది. ఆయన పిందె మెలిక మెలికగానే ఉంది. నేను ఇంట్లోకి పరుగెత్తి, గెలిచానని అందరికీ చెప్పి వచ్చాను. తాతయ్య ఒప్పుకున్నాడు. "నువ్వే గెలిచినవ్ బిడ్డా, రేపటిదాక" అని మాత్రం అన్నాడు.

తెల్లారి లేచి మొహం కూడా కడుక్కోకుండా పందిరి దగ్గరికి పోయాను. నా పిందె కింద పడి ఉంది. తొడిమ దగ్గర తెగిపోయింది. పక్కనే నా రాయి. తాతయ్య పిందె పైన అట్లాగే వేలాడుతూ ఉంది, నిన్నటికంటే చక్కనయిందని చెప్పడానికి కూడా ఏమీ లేదు. కానీ అది తీగ మీద ఉంది.

తాతయ్య తెగిన పిందెను గొర్రెపిల్లకు వేశాడు. అది నములుతుంటే నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, ఉన్న మాట చెప్పాడు.

"పండ్లు కదలవని నేను అంటలేను. ముసలి గొర్రె నోరు సూడలేదా? చిన్నప్పుడు దగ్గర దగ్గరున్న పండ్లు ఎడమెడం అయితయ్. ఎవలు గుంజిండ్రు వాటిని? మెల్లగ అయినయ్. నీ పండ్లు గూడ నీ వేలే తోసింది, దినాం ఇంత. దినాం ఇంత ముందుకు పోయినదాన్ని ఒక్కనాడు ఎనక్కి గుంజితే రాదు బిడ్డా. ఊడొస్తది."

వేలు తోసిందన్న మాట మా ఇంట్లో అంతవరకు ఎవరూ అనలేదు. నేను నా బొటనవేలిని తిప్పి తిప్పి చూసుకున్నాను. చప్పరించీ చప్పరించీ అది మిగతా వేళ్ళకంటే తెల్లగా, మెత్తగా ఉండేది. వేపాకు మాన్పించలేని అలవాటు ఆ పొద్దుటి నుంచి తగ్గుతూ వచ్చి, ఎప్పుడు పోయిందో కూడా తెలియకుండా పోయింది.

పెళ్ళినాడు ఇంకో పిల్లకు జడ వేస్తున్నారు. తాతయ్య నా చెయ్యి పట్టుకొని ఆడవాళ్ళ మధ్యలోంచి నడిపించుకుపోయి, మా చిన్నమ్మ పక్కన పీట మీద కూర్చోబెట్టాడు. ఆ అత్తయ్య ఏదో అనబోయింది. "పండ్లు సక్కగయ్యేదాక పెండ్లి ఆపుతమా? ఈ పిల్ల గీడనే కూసుంటది" అని తలపాగా సర్దుకొని వెళ్ళిపోయాడు. మా చిన్నమ్మ పసుపు చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండో చేతిలో కొబ్బరిబోండాం పెట్టారు. నోటికి అడ్డం పెట్టుకోవడానికి నాకు చెయ్యి మిగల్లేదు. నవ్వు వచ్చినప్పుడు నవ్వేశాను. ఎవరికీ ఏమీ కాలేదు.

తాతయ్య రాయి కట్టిన కాయ నిలువునా దిగింది. మధ్యలో ఒకసారి ఆ గులకరాయి విప్పి, దానికంటే కొంచెం పెద్దది కట్టడం నేను చూశాను. నా పళ్ళు కూడా వేలు మానేశాక కొంత సర్దుకున్నాయి. పూర్తిగా కాదు. ఆ సందు ఇప్పటికీ ఉంది. మా కాలంలో పళ్ళు సవరించే డాక్టరు ఉంటారని మాకు తెలియదు.

ఇప్పుడు నేను సూర్యాపేటలో మా పెద్దబ్బాయి దగ్గర ఉంటున్నాను. వాళ్ళ అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్న వానాకాలంలో ఆ పిల్ల నవ్వబోతూ చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూశాను. ఇంకెవరికైనా అది సిగ్గులా కనబడుతుందేమో, నాకు ఆ చెయ్యి బాగా తెలుసు. రెండు రోజులు చూశాను. అన్నం ఒక పక్కనే నములుతున్నది. పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని, మా తాతయ్య చూసినట్టే దవడ పట్టుకొని పెదవి ఎత్తాను.

ముందరి పళ్ళు రెండింటికీ చిన్న రబ్బరు బ్యాండు వేసి ఉంది. సగం చిగురులోకి పోయి, ఒక అంచే కనబడుతున్నది.

"ఫోన్ల వీడియో సూసిన నానమ్మా. గిది పెట్టుకుంటే సందు పోతదంట. స్కూల్ల గ్రూప్ ఫోటో ఉంది" అన్నది, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకొని.

నేను దాన్ని తాకలేదు. పిల్లను తాకనివ్వలేదు. మా అబ్బాయిని పిలిచి అప్పటికప్పుడు ఆటో మాట్లాడించి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె మత్తు సూది వేసి, చాలాసేపు కష్టపడి దాన్ని తీసింది. రబ్బరు అట్లాగే వేరు మీదికి ఎక్కిపోతూ ఉంటే పళ్ళు రెండూ కదిలి, వాటంతట అవే ఊడిపోయేవని చెప్పింది. సమయానికి తెచ్చారు, పళ్ళకేం కాదు, చిగురు మానాక అసలు వైద్యం చేద్దామన్నది.

చిగురు మానాక ఇంటిల్లిపాదీ పోయాం. మా మనవడు, ఆ పిల్ల తమ్ముడు, రెండో తరగతి, నా పోలికే, వేలు నోట్లోంచి తీయడు. కోదాడలో టీచరుగా ఉన్న నా కూతురు కూడా వచ్చింది. దానికి కింది పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. డాక్టరమ్మ అందరి నోళ్ళూ చూసి ఓపిగ్గా చెప్పింది. పిల్లవాడి దవడలు ఇంకా పెరుగుతున్నాయి కనుక ఇప్పుడే క్లిప్పులు వద్దు, వేలు మాన్పించడానికి నోట్లో చిన్న ప్లేటు పెడితే చాలు, ఏడాదికోసారి చూపించమన్నది. అమ్మాయికి ఇది సరైన వయసు. పళ్ళకు క్లిప్పులు అతికించి, వాటిలోంచి తీగ వేసి, నెలకోసారి వస్తే కొంచెం కొంచెం సవరిస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టవచ్చు.

"నాకెందుకులెండి ఈ వయసులో, పిల్లలు నవ్వుతారు" అన్నది నా కూతురు. పెద్దవాళ్ళకు ఎముక గట్టిపడి ఉంటుంది కనుక కొంత ఎక్కువ కాలం పడుతుంది, ముందు చిగుళ్ళు బాగుండాలి, కానీ పళ్ళు ఏ వయసులోనైనా కదులుతాయని డాక్టరమ్మ చెప్పింది. తీగ వద్దనుకుంటే పళ్ళకు తొడుక్కునే అద్దంలాంటి ప్లేట్లు ఉన్నాయట. తినేటప్పుడు తీసి, మిగతా పొద్దంతా పెట్టుకోవాలి. ఎవరికైనా సరే, అంతా అయ్యాక పళ్ళు మళ్ళీ పాతచోటికి పోకుండా ఇంకో ప్లేటు వాడుతూ ఉండాలన్నది.

క్లిప్పులు వేశాక మా మనవరాలు అడిగింది, "మేడం, జర గట్టిగ బిగించండి, తొందరగ అయిపోతది" అని.

"గట్టిగా బిగిస్తే తొందరగా కాదమ్మా, వేరు పాడైతది" అన్నది డాక్టరమ్మ.

నాకు నవ్వు ఆగలేదు. నా సందు పళ్ళన్నీ కనబడేట్టు నవ్వాను. ఏమైంది నానమ్మా అని పిల్ల కసురుకుంది. ఇంటికి పోయేటప్పుడు ఆటోలో మా తాతయ్య సంగతి, తెగిపోయిన పిందె సంగతి చెప్పాను. నా కూతురు కిటికీ లేని ఆ ఆటోలోంచి బయటికి చూస్తూ అంతా విన్నది. కోదాడ బస్సు ఎక్కేముందు, అద్దం ప్లేట్లకు తన కొలతలు కూడా ఇస్తానని డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

స్కూల్లో గ్రూప్ ఫోటో తీశారు. మా మనవరాలు ముందు వరసలో ఉంది, నోటినిండా తీగలతో, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకొని నవ్వుతూ.

మా మేడ మీద బకెట్లో ఒక పొట్లపాదు వేసుకున్నాను. పిందెకు రాయి కట్టే పని ఇప్పుడు ఆ పిల్లది. మొదటిసారి ఒక రాయి తెచ్చి ఇది సరిపోతుందా అని అడిగింది. చేతిలో పెట్టుకొని కొంచెంసేపు ఊపి చూసి, తనే దాన్ని కింద పడేసి ఇంకో చిన్నది తెచ్చుకుంది. నేను చేసేదీ అదే. ఇన్నేళ్ళయినా, ఏ పని మొదలుపెట్టినా, మొదట చేతికి వచ్చిన రాయిని కింద పెట్టేసి, దానికంటే చిన్నది వెతుక్కుంటాను.