సంతలో నేర్చిన కన్నడం

జేజీ, నీకు కన్నడం బాగా వచ్చా అని నిన్న ఫోన్లో మనవలంతా అడిగారు కదా. వస్తుంది నాయనా. టమాటాలు కొనేంత వస్తుంది. వంకాయల దగ్గరైతే ఇంకా బాగా వస్తుంది. ఈ బళ్లారి జిల్లాలోనే పుట్టి, ఈ హచ్చొళ్ళిలోనే కాపురం చేసి ముసలిదాన్నయ్యాను. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. నాకు బయట అంటే సంత ఒక్కటే. అందుకని నాకొచ్చిందంతా బేరాల కన్నడం. ఆ సంగతి మీ చెల్లెలిని బడికి తయారు చేసేదాకా నాకే తెలియదు.

అదే, మీ చిన్నాయన కూతురు. అమ్మానాన్నలిద్దరూ దోణిమలైలో గని పనిలో ఉంటే, అది మా దగ్గరే పెరిగింది. నాలుగేళ్లు నిండగానే ఊళ్ళో బడిలో వేద్దామనుకున్నాం. అక్కడ మేడమ్మకు కన్నడం తప్ప రాదు. దీనికి తెలుగు తప్ప రాదు. నా దిగులంతా ఒక్కటే: ఒంటికి వస్తే ఎట్లా అడుగుతుంది? అడగలేక క్లాసులోనే పోసుకుంటే తోటి పిల్లలు ఊరుకుంటారా? నా చిన్నప్పుడు ఒక పిల్లకు అట్లాగే అయింది. మళ్ళీ బడి గడప తొక్కలేదు. ఆ పిల్ల ఎవరని అడక్కండి. ఇప్పుడు సంతలో వంకాయలు ఏరుకుంటూ ఉంటుంది.

అందుకే నేనే మేడమ్మనయ్యాను. మీ తాత కళ్ళద్దాలు పెట్టుకుని, చేతిలో కందికట్టె పట్టుకుని, మధ్యాహ్నాలు అరుగు మీద బడి పెట్టాను. మొదటి పాఠం, "ఒందక్కె హోగ్బేకు, మిస్." ఒంటికి పోవాలని కన్నడంలో అట్లాగే అడుగుతారు. అంతటితో ఆపితే బాగుండేది. మాటలొస్తే చాలదు, కొత్తవాళ్ళ ముందు ధైర్యం కూడా ఉండాలని, సంతలో నాకు పనికొచ్చిన కిటుకులన్నీ దానికి నూరిపోశాను.

"ఎవురేమడిగినా టక్కున చెప్పగూడదు. 'మొదలు నీను హేళు' అనల్ల. ముందు వాళ్ళనే చెప్పమనల్ల. వాళ్ళు చెప్తే 'జాస్తి ఆయ్తు' అనల్ల, ఎక్కువైందని. అప్పటికీ వినకుంటే మూతి తిప్పుకోని నడిచిపోవల్ల. వాళ్ళే పిలుస్తారు."

మీ తాత మంచం మీది నుంచి ఒకటే నవ్వు. "ఏమే, పిల్లను బడికి పంపుతాండావా, సంతకు తోలుతాండావా?"

"నీకేం తెల్దు, ఊరికే పండుకో," అన్నాను.

బడిలో చేర్పించే రోజు మేడమ్మ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బుగ్గ నిమిరి, "నిన్న హెసరేను, పుట్టీ?" అని పేరడిగింది.

"మొదలు నీను హేళు," అంది మనది.

మేడమ్మ ముచ్చటపడి తన పేరు చెప్పింది. మనది ఆమెను కిందనుంచి మీదికి ఒకసారి చూసి, "అయ్యయ్యో, జాస్తి ఆయ్తు!" అనేసి, మూతి తిప్పుకుని గేటు దాకా నడిచింది. అక్కడ మాకు వీపు పెట్టి నిలబడి, పిలుస్తారేమోనని ఓరకంట చూస్తోంది.

మేడమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతూ, "కరీరి అజ్జీ, కరీరి!" అంటుంది, పిలవమని. నేను వెంటనే పిలవాలా? పిలవలేదు. ఇంకొంచెంసేపు ఆగితే తగ్గుతారులే అనుకున్నాను! ఏం తగ్గుతారో దేవుడికే తెలియాలి.

ఇంటికొస్తే మీ తాత, "ఎంతకిచ్చిరి సీటు? కొసరేమన్నా ఏసిరా?" అన్నాడు.

బడి మొదలైన రోజు దారిలో, "ఒంటికొస్తే ఏమనల్ల?" అని పరీక్ష పెట్టాను. గుడ్లు మిటకరించింది. బేరం మాటలన్నీ ఉన్నాయి, ఆ ఒక్కటే ఎగిరిపోయింది. మళ్ళీ చెప్పేలోపే గంట కొట్టేశారు. ఇంకేముంది, సంచిలో మారు చెడ్డీ పెట్టుకుని గోడ పక్కన కూర్చున్నాను. లోపల ఏ పిల్ల ఏడ్చినా మనదేనని లేచి నిలబడటం, కాదని మళ్ళీ కూలబడటం.

బడి వదిలారు. అది రాగానే ముందు వెనక చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది.

"థూ, ఏంది జేజీ! అందరూ చూస్తాండారు."

"ఒంటికి పోయొచ్చినావా?"

"ఊ."

"ఏమని అడిగితివే?"

తలెత్తి నా మొహం చూసి, "మొదలు నువ్వు చెప్పు," అంది.

ఇప్పుడది నాలుగో తరగతి. కన్నడం గడగడా మాట్లాడుతుంది. సంతలో నా కన్నడం విని సిగ్గుపడి నాలుగడుగులు దూరంగా నిలబడుతుంది. ఆరోజు బడిలో ఏమని అడిగిందో మాత్రం చెప్పదు. ఉగ్గాని పెట్టి అడిగాను, మిరపకాయ బజ్జీలు పెట్టి అడిగాను. తినేసి మూతి తుడుచుకుంటుంది. బేరం నేర్పింది నేనే కదా, ఇంకెవరిని అనాలి?

మీ మాట వింటుందేమో, ఫోన్ చేసినప్పుడు మీరన్నా అడగండి. నేను నేర్పింది మర్చిపోయి, తెలుగు తెలియని చోట, అంత చిన్నపిల్ల ఆరోజు ఏమని అడిగింది?