ప్రసాదం తినడం కిందకి రాదు

మా నాన్నకి కిడ్నీలో గడ్డ ఉందని తెలిసిన రోజు నుంచి మా అమ్మ దేవుళ్ళలో ఒక్కరినీ వదిలిపెట్టలేదు. సామర్లకోట భీమేశ్వరుడికి అభిషేకం మొక్కింది. ద్వారకా తిరుమల వెంకన్నకు నాన్న తలనీలాలు మొక్కింది. ఆ తల మీద ఉన్నది చూస్తే స్వామికి పెద్దగా గిట్టుబాటు కాదన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. భయం వేస్తే నా నోరు ఆగదు, అంతే.

ఆపరేషన్ రాజమండ్రిలో, ఉదయం తొమ్మిదింటికి. ముందురోజే నాన్నను చేర్పించి నేను తోడున్నాను. రాత్రి పది తరవాత మంచినీళ్ళు కూడా ముట్టకూడదని నర్సు మూడుసార్లు చెప్పింది. అమ్మ కొవ్వూరులోనే ఆగి, తెల్లవారుతూనే శివాలయంలో అర్చన చేయించి, గోదావరి దాటి ఏడింటికల్లా వచ్చేసింది. నేను కాగితాల మీద సంతకాలు పెట్టడానికి కిందకి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి నర్సు అడుగుతోంది.

"బాబాయ్ గారూ, రాత్రి నుంచి ఏమీ తినలేదు కదండీ?"

"లేదమ్మా" అన్నాడు నాన్న.

"పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ" అంది అమ్మ గర్వంగా.

నర్సు రాసుకుని వెళ్ళింది. అప్పుడు చెత్తబుట్టలో అరిటాకు ముక్క కనిపించింది. దానికి నెయ్యి, ఒక జీడిపప్పు పలుకు అంటుకుని ఉన్నాయి.

"అమ్మా, ఇదేంటి?"

"ప్రసాదంరా. చక్కెర పొంగలి."

"ఎవరు తిన్నారు?"

"తినడమేంటి? మీ నాన్న కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నారు. ప్రసాదం తినడం కిందకి వస్తుందేంట్రా? కార్తీక సోమవారం ఉపవాసంలో కూడా తీసుకుంటాం."

నాన్న గోడవైపు చూస్తున్నాడు. ఇంతలో స్ట్రెచర్ వచ్చింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"చెప్పకురా. చెబితే ఆపేస్తారు. మంచి ముహూర్తం దాటిపోతుంది. ప్రసాదం ఎవరికీ చెడు చెయ్యదు."

కడుపులో తిండి ఉండగా మత్తు ఇస్తే, ఆ తిండి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని నేను ఫోన్‌లో చదివి ఉన్నాను. చెప్పాక నాన్నకి ఏమైనా అయితే ముహూర్తం తప్పించినవాణ్ణి నేనే. చెప్పకపోయినా నేనే. దేవుడి మీద నాకు నమ్మకం లేక కాదు. పొంగలి సంగతి ఆయనకి వదిలేసేంత ధైర్యం లేదు. అమ్మ చెయ్యి విడిపించుకుని స్ట్రెచర్ వెనక పరిగెత్తాను. థియేటర్ తలుపు దగ్గర మత్తు డాక్టరు దొరికాడు.

"ఎంత తిన్నారు?"

"గుప్పెడండీ."

"నెయ్యి ఉందా?"

"గుడి పొంగలండీ. నెయ్యిలోనే పొంగలి ఉంటుంది."

ఆయన తలమీద టోపీ తీసేశాడు. ఆపరేషన్ మర్నాటికి మారింది.

అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. మధ్యాహ్నం ఆవిడ ఆస్పత్రి ఆవరణలో వినాయకుడి దగ్గరికి వెళ్ళినప్పుడు నాన్న మెల్లిగా అన్నాడు.

"నాకు తెలుసురా. నర్సమ్మ చెప్పింది నాకూ వినబడింది."

"మరెందుకు తిన్నావు?"

"మీ అమ్మ తెల్లారకుండా లేచి గోదావరి దాటి తెచ్చింది. వద్దంటే అక్కడే కూలబడేది."

"నర్సుకైనా చెప్పొచ్చుగా?"

"మీ అమ్మ ముందరా?"

అక్కడ నేను ఏదో ఒక వెటకారం ఆడాలి. ఏమీ దొరకలేదు. అన్నీ తెలిసి, నోరు మూసుకుని ఆపరేషన్ బల్ల ఎక్కబోయాడు. గడ్డ సంగతి విన్నప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది.

మర్నాడు అమ్మ విభూతి పొట్లం ఒక్కటే తెచ్చింది. నాన్న నుదుటికి రాయబోతూ ఆగి నావైపు చూసింది.

"ఇది పరవాలేదా?"

నిన్నటి నుంచి నాతో మాట్లాడిన మొదటి మాట.

"నాన్న నాక్కోకుండా ఉంటే పరవాలేదమ్మా" అన్నాను. నాన్న నవ్వాడు. ఆ నవ్వుతోనే లోపలికి తీసుకెళ్ళారు.

నాలుగు గంటలు కూర్చున్నాం. నాకు మంత్రాలు రావు. అమ్మ పెదవులు కదిలినప్పుడల్లా నావీ కదిపాను. శివుడు సర్దుకుంటాడనుకున్నాను.

డాక్టరు బయటికొచ్చి, గడ్డతో పాటు కిడ్నీ తీసేశామని, గడ్డని పరీక్షకి పంపామని, అది ఎలాంటిదో తెలియడానికి పది రోజులు పడుతుందని చెప్పాడు. అమ్మ చేతులు జోడించింది.

"ప్రసాదం ఎప్పుడు పెట్టొచ్చండీ?"

"కడుపులో గ్యాస్ బయటికి పోయాక పెట్టండమ్మా."

పంతులుగారి నోట ముహూర్తం విన్నంత శ్రద్ధగా అమ్మ తలూపింది. డాక్టరు నావైపు తిరిగాడు.

"మీరేమైనా అడగాలా?"

అడగాల్సింది ఒక్కటే ఉంది, దానికి జవాబు పది రోజులకి గానీ రాదు. లేదండీ అన్నాను.