గ్రీకు గాయనికి నేను అంటగట్టిన హార్మోనిస్టు

కువైట్‌ని ఇరాక్ ఆక్రమించిన ఆ వేసవిలో ఒక గ్రీకు గాయని జీవితచరిత్రను పదకొండు మధ్యాహ్నాలు వరసగా చెప్పాను. విన్నవాళ్ళు మొదట ఇద్దరు, చివరికి ఎనిమిది మంది. ఆమె పదిహేడో ఏట హార్మోనియం వాయించే ఒకాయనతో లేచిపోయిందని కూడా చెప్పాను. ఆమె లేచిపోలేదు. అసలు గ్రీసులో హార్మోనియం ఉంటుందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. అది నా కల్పన అని ఆ మర్నాడే ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. దానివల్ల గ్రీకు గాయనికి పోయిందేమీ లేదు. పోయింది నాతోపాటు పనిచేసే అక్కకు.

నాది రాయచోటి దగ్గర పల్లె. ఇంటర్ తప్పి, డ్రైవింగ్ నేర్చుకుని, ఇరవై మూడేళ్ళకు కువైట్‌లో ఒక పెద్ద ఇంట్లో డ్రైవరుగా చేరాను. ఆ ఇంటి యజమానురాలిని అందరం మామా, అంటే అరబ్బులో అమ్మా, అనేవాళ్ళం. మామాకు ఆ గ్రీకు గాయని అంటే ప్రాణం. కారులో ఎప్పుడూ ఆమె క్యాసెట్లే. ఎక్కగానే "యల్లా, తొందరగా పాట పెట్టు" అనేది. భాష తెలియకపోయినా ఏ పాట తర్వాత ఏది వస్తుందో నాకు నోటికి వచ్చేసింది.

ఇంట్లో నాతోపాటు ఇద్దరు తెలుగువాళ్ళు. వంటాయన గోదావరి జిల్లా క్రైస్తవుడు, యాభై దాటినవాడు, నాకు బాబాయ్. రెండో మనిషి రాజంపేట వైపు నుంచి వచ్చిన అక్క. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇల్లు ఊడ్చినా, బట్టలు ఇస్త్రీ చేసినా పెదాల మీద ఏదో ఒక కూనిరాగం ఉండేది. ఆమె ఏ గదిలో ఉందో వెతకనక్కరలేదు, చెవి పెడితే చాలు.

ఒకసారి సరుకుల కోసం అక్కను జమియా దుకాణానికి తీసుకెళుతున్నాను. క్యాసెట్ నడుస్తోంది. అక్క ఉన్నట్టుండి, "ఈమె ఊపిరి యాడ పట్టుకుంటాదో జూడుబ్బీ. అంత పొడుగు లాగి, తెగేచోట తెంపకుండా మింగేసింది. ఇది నేర్చినోళ్ళ పని" అంది.

"నీకెట్లా తెలుసక్కా?" అన్నాను.

అద్దంలో నా మొహం చూసి చెప్పింది. పదిహేనేళ్ళప్పుడు వేరుశనక్కాయలు పెరకను పోతున్నానని ఇంట్లో చెప్పి నాటకాల బృందం బస్సెక్కి వెళ్ళిపోయిందట. ఆరేళ్ళు ఊరూరా స్టేజీల మీద పద్యాలు పాడిందట. ఒక తిరునాళ్ళలో పాత్ర చచ్చిపోయే ఘట్టంలో పద్యం పాడి పడిపోతే, జనం "వన్స్ మోర్" అని ఒకటే అరుపులు. లేచి పాడి మళ్ళీ చచ్చింది. మళ్ళీ వన్స్ మోర్. మూడోసారి లేచి, "సామీ, ఈసారి నన్ను సావనీయండి" అంటే అదీ నాటకంలో భాగమే అనుకుని ఈలలు వేశారట. చెబుతూ అక్క పడీ పడీ నవ్వింది. నేను కారు పక్కకు ఆపాల్సి వచ్చింది.

తర్వాత నవ్వు ఆపి, "మా అత్తగారోళ్ళకి తెలీదు. ఆరేండ్లు మా పిన్నమ్మ కాడ పెరిగినానని చెప్పి పెండ్లి జేసినారు. నాటకాల మనిషంటే ఇంట్లోకి రానిచ్చేటోళ్ళు గాదు. ఈ మాట ఈ కారు దాటగూడదు" అంది.

"దాటదక్కా" అన్నాను.

జులై చివర్లో మామా కుటుంబం సెలవులకు యూరప్ వెళ్ళింది. ఇంట్లో మేం ముగ్గురమే. ఆగస్టు రెండు, గురువారం తెల్లారేసరికి వీధిలో ఇరాక్ ట్యాంకులు. భయపడ్డామా అంటే, పడ్డాం. కానీ బాబాయ్ మొదట అన్నమాట, "ఫ్రీజర్లో పన్నెండు కోళ్ళున్నాయండి. ఎవడు గెలిచినా మనం తినేయడమే" అని.

నాలుగో రోజు సైనికులు కారు కోసం వచ్చారు. తాళాలిచ్చాను. ఒకడు స్టార్ట్ చేయగానే గ్రీకు గాయని పాట ఎత్తుకుంది. వాడి మొహం వెలిగిపోయింది. వాడికీ ఆ పాట వచ్చు. స్టీరింగ్ మీద తాళం వేస్తూ మొత్తం విని, క్యాసెట్ల డబ్బా నా చేతిలో పెట్టి, ఒక్కటి మాత్రం తనకు ఉంచుకుని, కారు తీసుకుని వెళ్ళిపోయాడు. చెయ్యి కూడా ఊపాడు.

అలా ఆ క్యాసెట్లు ఇంట్లోకి వచ్చాయి. మధ్యాహ్నం ఎండకు, బయటి తుపాకుల మోతకు దూరంగా నేల కింద గదిలో కూర్చునేవాళ్ళం. దాన్ని సిర్దాబ్ అంటారు. టేప్ రికార్డర్ పెట్టాం. ఒక క్యాసెట్ డబ్బాలో మడతలు పెట్టిన కాగితం దొరికింది. గాయని ఫొటోలు, గ్రీకు రాత, కింద పది లైన్ల ఇంగ్లీషు. దీవిలో పుట్టింది, రేవులో హోటల్లో పాడింది, లండన్ వెళ్ళింది, చాలా భాషల్లో పాడింది, దేశదేశాల్లో రికార్డులు అమ్ముడుపోయాయి. అంతే.

"చదవరా అబ్బాయ్, ఇంకా ఏం రాశాడు?" అన్నాడు బాబాయ్.

అయిపోయింది అనొచ్చు. కానీ అప్పటిదాకా నా మాట కోసం ఎవరూ అలా నోరు తెరుచుకుని ఎదురుచూడలేదు. గ్రీకు అక్షరాల మీద వేలు పెట్టి మొదలుపెట్టాను. ఆ పిల్ల ద్రాక్షతోటలో పనికి పోతున్నానని ఇంట్లో చెప్పి నాటకాల ఓడ ఎక్కేసింది అన్నాను.

వేరుశనక్కాయలను ద్రాక్ష చేశాను, బస్సును ఓడ చేశాను. మిగతాదంతా అక్కదే. అక్క మూల కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తి నన్ను ఒకసారి చూసింది. పెదవి చివర చిన్న నవ్వు కూడా కనిపించింది. తన కథ ఓడ ఎక్కి గ్రీసు వెళ్ళడం ఆమెకు మొదట్లో సరదాగానే ఉన్నట్టుంది. ఆ నవ్వును నేను అనుమతి అనుకున్నాను.

వారం తిరక్కుండానే కబ్ద్ నుంచి ఒకాయన మరో ముగ్గురు తెలుగువాళ్ళతో వచ్చి చేరాడు. అక్కడ ఎడారిలో తోటకు కాపలా, గొర్రెల పని. సైనికులు తోటలో దిగడంతో రెండు గంపల టమాటాలు, ఒక గొర్రెపిల్లతో మా ఇంటికి నడిచి వచ్చేశాడు. ఆయన అక్క భర్తకు పెదనాన్న కొడుకు, ఒకే ఊరు. అక్కకు బావ. ఆయన గుమ్మంలో కనిపించగానే అక్క కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళడం చూశాను. ఆయన చెవిన పడిందేదైనా అత్తగారింటికి చేరుతుందని నాకు తెలుసు. అయినా మధ్యాహ్నం కాగానే కాగితం తీశాను.

ఆరోజు బాబాయ్ పట్టుబట్టాడు. "ఓడలు బాగున్నాయి గానీ ప్రేమేదిరా? ప్రేమ లేకుండా పాట ఎలా వస్తుందిరా దానికి?"

ప్రేమ అక్క చెప్పినదాంట్లో లేదు. అప్పటికప్పుడు హార్మోనిస్టును తెచ్చాను. సన్నమీసం పెట్టాను, సిల్కు లాల్చీ తొడిగాను, పున్నమి పూట ఇద్దరినీ రేవు నుంచి లేచిపోనిచ్చాను. బాబాయ్ తొడ చరిచాడు. ఊపు వచ్చి వన్స్ మోర్ కూడా చెప్పేశాను. గ్రీకు జనం వన్స్ మోర్ అని అరిచారు, చచ్చిన పాత్ర మూడుసార్లు లేచింది.

కబ్ద్ బావ బీడీ కిందపెట్టి, "ఏందీ? గ్రీసులో గూడా వన్స్ మోరేనా?" అన్నాడు.

"పాట యాడైనా పాటే గదన్నా."

"అది గాదుబ్బీ. నేను జూసినా ఇట్లాంటిదాన్ని. మా పక్క తిరనాళ్ళలో. మూడుసార్లు సచ్చి మూడుసార్లు లేసింది ఒక పిల్ల. ఇంటిల్లిపాదీ నవ్వి నవ్వి సచ్చినాం. అయితే ఆ పిల్ల గూడా హార్మోనిస్టుతో పోయినట్టే ఉండాది!" అందరూ నవ్వారు. "మొగానికి రంగు గదా, ఎవరో గుర్తుపట్టలేను. గొంతు ఇంటే మటుకు ఇప్పుడైనా చెప్తా."

అక్క చేతిలో చాట ఆగింది. మళ్ళీ కదిలింది.

ఆ సాయంత్రం వంటింట్లో నన్ను పట్టుకుంది. గొంతు పెంచలేదు. "అబ్బీ, హార్మోనిస్టు యాడనించి వచ్చినాడు?"

"కథ కోసం అక్కా. ఉత్తినే."

"మా నాటకాలకి హార్మోనియం వాయించే ఆయప్పకి మా నాయన వయసు. కాళ్ళకి మొక్కి పద్యం ఎత్తుకునేదాన్ని. రేపు బావకి నేనెవురో తెలిస్తే, నాటకాల సంగతి ఒక్కటే గాదు, ఇది గూడా నా మెడకే. రేపు చెప్పు, అది నువ్వు కల్పించిందని."

"రేపు చెప్తా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

మర్నాడు సిర్దాబ్‌లోకి దిగేసరికి పక్కింటి నుంచి ఇద్దరు కొత్తగా వచ్చి కూర్చున్నారు. "హార్మోనిస్టు కథంట గదా, మొదటినించి చెప్పన్నా" అన్నారు. వాళ్ళ ముందు నేను అబద్ధాలకోరునని ఒప్పుకోలేకపోయాను. మొదటినుంచీ చెప్పాను. లాల్చీకి బొత్తాలు కూడా పెట్టాను.

ఆ రోజు నుంచి ఇంట్లో కూనిరాగం లేదు. అక్క ఏ గదిలో ఉందో వెతుక్కోవాల్సి వచ్చేది. నాకు మాత్రం వారంపాటు అడుగంటిన అన్నం వడ్డించింది. ఆ శిక్ష తగినదేనని మాడు గీక్కుని తిన్నాను. నిజం చెప్పడం కంటే అది తేలిక.

తర్వాత బస్సులు దొరికాయి. బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరాం. అక్కడ ఎడారిలో గుడారాలు, నీళ్ళ కోసం వరసలు. ఒక పొద్దున వరసలో నిలబడ్డవాళ్ళకు విసుగు తీరాలని బాబాయ్ కీర్తన అందుకున్నాడు. ఒక్కొక్కరూ ఒక్కో పాట పాడారు. నేను కూడా పాడాను, నా పాటకు గొర్రెలు పారిపోతాయని కబ్ద్ బావ వెక్కిరించాడు. తర్వాత అక్క వైపు తిరిగి, "నువ్వు గూడా ఒకటి అందుకోమ్మా" అన్నాడు.

"నాకు పాటలు రావు బావా" అంది అక్క.

నేను ఆమె పక్కనే బకెట్టు పట్టుకుని ఉన్నాను. అప్పుడు చెప్పినా సరిపోయేది. నీళ్ళ వరస ముందుకు జరిగింది, నేనూ జరిగాను. బొంబాయిలో విమానం దిగి ఎవరి దారిన వాళ్ళం పోయాం.

యుద్ధం ముగిశాక మామా నన్ను తిరిగి పిలిపించింది. అక్క రాలేదు. కొత్త కారులో మళ్ళీ అవే పాటలు. ఒకరోజు ధైర్యం చేసి మామాను ఆ గాయని గురించి అడిగాను. ఆవిడ ఉత్సాహంగా చెప్పింది. నాన్నకు మందుల షాపు. కూతురు చక్కగా పియానో నేర్చుకుంది, అమ్మను వెంటపెట్టుకుని హోటల్లో పాడింది, చిన్నప్పటి పక్కింటబ్బాయినే పెళ్ళి చేసుకుంది. విమానమంటే భయమట, అయినా కళ్ళు మూసుకుని దేశాలన్నీ తిరిగిందట. ఇంట్లో పిల్లులు. అంతే కథ. పదకొండు మధ్యాహ్నాలు కాదు, పావుగంట కూడా పట్టదు.

పద్నాలుగేళ్ళు గడిచాయి. నా జుట్టు నెరిసింది, పొట్ట పెరిగింది. ఒకరోజు అహ్మదిలో బాబాయ్ కనిపించాడు. అక్కడ ఒక కాంట్రాక్టరు మెస్సులో వంట. కావలించుకుని ఆయన అడిగిన మొదటి మాట, "ఒరేయ్, ఆ హార్మోనిస్టు చివరికి ఏమయ్యాడ్రా? నువ్వు ముగించనే లేదు! మా మెస్సులో కుర్రాళ్ళకి నేను చెప్పుకొస్తున్నా, ముగింపు లేక చస్తున్నాను."

నాకు నవ్వు రాలేదు. నేను పుట్టించినవాడు ఇంకా బతికే ఉన్నాడు, మెస్సుల్లో తిరుగుతున్నాడు. అక్క మళ్ళీ కువైట్ వచ్చిందని, ఫలానా చోట ఉందని బాబాయే చెప్పాడు. శుక్రవారం వెళ్ళాను. బస్టాపులో కలిసింది. కళ్ళద్దాలు వచ్చాయి. నేను నోరు తెరవకముందే, "కతల డ్రైవరు లావైనాడే!" అంది.

క్షమించమన్నాను. తల వంచుకుని విన్నది. తర్వాత చెప్పింది, "బావ చెప్పేలోగా నేనే చెప్దామని, ఊరికి పోయిన వారానికే మా ఇంటాయనకి నాటకాల సంగతి చెప్పేసినా. మూడు నెల్లు పలకల్యా. బోరు మోటారు కాలిపోతే, ఎవురితో చెప్పుకోవాల్నో తెలీక నాతోనే పలికినాడు." నవ్వింది. "ఆయన సంగతి సరే. బావ ఉండే కాడ మటుకు నోరు తెరవల్యా నేను. పెండ్లిండ్లలో ఆరతి పాడమన్నా గొంతు బాగల్యా అంటా. గొంతు గుర్తుపడితే హార్మోనిస్టు గూడా వస్తాడు గదా దాని ఎనక."

"ఏం చేయమంటావక్కా?"

"నాకు జెప్పి ఏం లాభం? ఆ కత ఇన్నోళ్ళకి జెప్పు. బావ కబ్ద్‌లోనే ఉండాడు ఇప్పుడు గూడా. నాటకాల సంగతి చెప్పేయ్, నేనేమీ దొంగతనం జేయల్యా. హార్మోనిస్టును మటుకు కడుగు."

ఆ మరుసటి శుక్రవారం పొద్దున్నే ఆమెను కారులో ఎక్కించుకుని కబ్ద్ వెళ్ళాను. దారిలో టేప్ పెట్టలేదు. బావ గొర్రెలకు గడ్డి వేస్తున్నాడు. మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుని, టీ పెట్టమని ఎవరినో కేకేశాడు. ముగ్గురం షెడ్డు నీడలో నిలబడ్డాం. అక్క నా పక్కన కాదు, ఆయన పక్కన నిలబడింది. ఇద్దరూ నావైపే చూస్తున్నారు.

"అన్నా, సిర్దాబ్‌లో నేను చదివిన కాగితంలో ఆ కథ లేదు. తిరనాళ్ళలో మూడుసార్లు లేసి పాడిన పిల్ల ఈ అక్కే. నన్ను నమ్మి చెప్పింది, నేను నవ్వుల కోసం అమ్ముకున్నా. హార్మోనిస్టుతో పోవడమనేది అబద్ధం, నా నోటినించి పుట్టింది. నిజంగా హార్మోనియం వాయించిన పెద్దాయన కాళ్ళకి ఈమె మొక్కేది. మర్నాడే చెప్తానని మాటిచ్చి చెప్పల్యా, నీళ్ళ లైన్లో గూడా పక్కనే నిలబడి చెప్పల్యా. అక్కా, తప్పు నాది. నీ ముందర, నీ బావ ముందర ఒప్పుకుంటుండా. బాబాయ్‌కీ ఈపొద్దే ఫోన్ జేసి చెప్తా. నన్ను మన్నించు."