మామ కట్టిన చీర

మల్లెపూల వాసనా, బీడీ వాసనా కలిసి తగిలితే ఇప్పటికీ మా మేనమామే గుర్తొస్తాడు.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. గంగమ్మ జాతరకని గూడూరు నుంచి తిరుపతిలో అవ్వ ఇంటికి వెళ్లాను. మామ అత్త చీర కట్టుకుని, మీసం తీయకుండానే తలనిండా పూలు పెట్టుకుని వచ్చాడు. పడీపడీ నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. పైగా ఎదురింటి ముసలాయన మామకు దండం పెట్టాడు!

“నవ్వగూడదు పాపా,” అంది అవ్వ. “పోయినేడు నీకు అమ్మ పోసినప్పుడు, తగ్గితే చీర కట్టుకుంటానని గంగమ్మకు మొక్కుకున్నాడు గదా మీ మామ.”

నా ఆటలమ్మ జ్వరానికీ ఆయన చీరకీ సంబంధమేమిటో నాకు అంతుపట్టలేదు. అయినా వెళ్లి మామ కొంగు పట్టుకున్నాను. వీధిలో, జాతర చూడ్డానికొచ్చిన పొరుగూరివాళ్లు మామను వేలితో చూపిస్తూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు వాళ్లమీద కోపం లేదు. పాపం, వాళ్ల పక్కన మా అవ్వ లేదు.