తాళాలు పలకని స్పీకర్లు

2022 మే నెల. గోదావరిఖని చౌరస్తాకు రెండు సందుల అవతల నా దుకాణం. ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేస్తాను, పాతవి కొని అమ్ముతాను, ఇళ్లకు వెళ్లి అమర్చి వస్తాను. బొగ్గు ఊళ్లో అంత ఖరీదైన పాటల పెట్టెలు ఎవడు కొంటాడని హైదరాబాద్ వ్యాపారులు నవ్వుతుంటారు. ఎనిమిది గంటలు యంత్రాల మోతలో కూర్చుని వచ్చినవాడికి ఇంట్లో వినే మంచి శబ్దం మీద ఎంత ఆశ ఉంటుందో వాళ్లకేం తెలుసు?

సరుకు అమ్మేటప్పుడు నేను కథలు చెబుతాను, దాచడం దేనికి. నేను బిగించిన స్పీకర్ల ముందు బసంత్‌నగర్ ఫ్యాక్టరీ సైరన్ వినపడక ఒక షిఫ్టంతా డ్యూటీకి ఆలస్యమైందని చెప్పాను. శ్రీరాంపూర్‌లో బేస్ దెబ్బకు గోడమీది బల్లి పట్టు తప్పి పడిందన్నాను. కొనేవాళ్లు నవ్వుకుని, సగం కొట్టేసి వినేవారు. ఆ సగం లెక్కే ఓదెలన్న దగ్గర నా కొంప ముంచింది.

ఓదెలన్న ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ ఆపరేటర్. డంపర్ అంటే చక్రమే మనిషికన్నా ఎత్తుండే లారీ. మనిషికి యాభై నాలుగేళ్లు. డోలు, తాళాలతో పాడి చెప్పే ఒగ్గు కథలంటే ప్రాణం. ఎక్కడెక్కడివో రికార్డింగులు సంపాదించి, వాటిని వినడానికే హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో నిలువెత్తు టవర్ స్పీకర్లు కొన్నాడు. వాటికి నలభై వాట్ల ఆంప్లిఫయర్ నేనే ఇచ్చాను. నెల తిరక్కుండా కాలిన ట్వీటర్‌ను రుమాల్లో చుట్టుకుని తెచ్చాడు.

"ఏంది తమ్మీ ఇది? డోలు మంచిగ పలుకుతది, తాళాలే పలుకుతలేవు."

ట్వీటర్ అంటే స్పీకర్ పైభాగంలో రూపాయి బిళ్లంత ఉండే చిన్న గోపురం. తాళాలు, గజ్జెల వంటి సన్నటి శబ్దాలు పలికేది అదే. మీటరు పెట్టి చూస్తే లోపలి తీగచుట్ట తెగింది. కారణం నాకు వెంటనే దొరికింది. ఆ స్పీకర్ల ఇంపీడెన్స్ నాలుగు ఓమ్స్. ఇంపీడెన్స్ అంటే స్పీకర్ కరెంటును అడ్డగించే తీరు. ఓమ్స్ తగ్గేకొద్దీ ఆంప్లిఫయర్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి. పైగా వాటి సెన్సిటివిటీ తక్కువ, అంటే వాట్లు తింటాయి గానీ శబ్దం పిసినారితనంగా ఇస్తాయి. అలాంటివాటిని చిన్న ఆంప్లిఫయర్‌తో గట్టిగా మోగిస్తే క్లిప్పింగ్ వస్తుంది. శబ్దపు అల నెత్తి కత్తిరించినట్టవుతుంది. అందులోంచి పుట్టే కరుకంతా ట్వీటర్ మీద పడుతుంది.

"అన్నా, డంపర్ నిండ మట్టి నింపి, జీప్ ఇంజన్ పెట్టి గుట్ట ఎక్కిస్తె ఏమయితది?"

"ఇంజన్ మొత్తుకుంటది."

"గిదీ గంతే. తప్పు నాదే. పెద్దది ఇస్త."

నూటయాభై వాట్లది ఇచ్చాను. ముందువైపు రెండు అద్దాలు, వాటిలో ఊగే ముళ్లు. స్పీకర్లకు ఎంత పవర్ వెళ్తోందో చూపించే మీటర్లవి. దీన్ని పెడితే గోదావరి అవతల జైపూర్‌లో మీ బామ్మర్ది కిటికీ తెరిచి వింటాడని కూడా చెప్పాను. ఓదెలన్న నవ్వలేదు. ఆ రోజు అతని మనసు వేరేచోట ఉంది.

డబ్బా ఆటోలోకి ఎక్కిస్తుంటే చెప్పాడు. మట్టి పోసే చోట విజిల్ ఊదుతూ డంపర్లకు దారి చూపే రాజం అనే కాంట్రాక్టు మనిషి ఉన్నాడు. వారం కింద ఓదెలన్న డంపర్ వెనక్కి తీస్తుంటే రాజం చక్రానికి మూరెడు దూరంలోంచి పక్కకు దూకి బతికాడు.

"ఆగుమని విజిల్ ఊదాలె గదా? ఊదలే! అడిగితే మూడుసార్లు ఊదిన అంటడు. నోరు తెరిస్తే అబద్ధం. నేను వాని మీద కంప్లయింటు రాసిచ్చిన. ఎంక్వయిరీ పెడుతరట."

"తేలితే?"

"తీసేస్తరు. తీసెయ్యాలె. గసొంటోడు ఉంటె ఎవడో ఒకడు చస్తడు."

ఆ కోపంలో నాకు తప్పేమీ కనిపించలేదు.

పదిహేను రోజులకు ఇంకో ట్వీటర్ కాలింది. ఈసారి నాకు కారణం దొరకలేదు. అంత ఆంప్లిఫయర్ పెట్టాక క్లిప్పింగ్‌కు దారే లేదు. ఆదివారం పొద్దున పనిముట్ల పెట్టె పట్టుకుని అతని క్వార్టర్‌కు వెళ్లాను.

తలుపు తీసింది ఆయన భార్య సమ్మక్క వదిన. రెండు చెవుల్లో దూది ఉంది.

"చెవి నొప్పా వదినె?"

"నొప్పి నాకు లేదు. ఆ డబ్బాలు పెట్టే నొప్పే."

కొత్త ట్వీటర్ బిగించాను. ఓదెలన్న ఒగ్గు కథ పెట్టి, అలవాటైన చేత్తో ట్రెబుల్ నాబ్‌ను కుడివైపు చివరిదాకా తిప్పాడు. సన్నటి శబ్దాలను పెంచేదీ, ట్వీటర్‌ను కాల్చిందీ ఆ నాబే. తాళాలు కత్తుల్లా వచ్చి చెవుల్లో దిగాయి. వదిన వంటింట్లోకి పారిపోయింది. నా పళ్లు జివ్వుమన్నాయి.

ఓదెలన్న తల వంచి వింటూ అన్నాడు: "ఇగో, ఇప్పుడు జరంత పలుకుతున్నది."

జరంతేనా! నేను అతని ముఖం వైపు చూశాను. వెక్కిరింత లేదు. పాట ఆపి ట్రెబుల్ నాబ్‌ను మధ్యకు తెచ్చి, సౌండ్ బాగా తగ్గించాను. ఆంప్లిఫయర్‌కు నా ఫోను కలిపాను. అందులో ఒక యాప్ ఉంది. ఒకే ఈలను లావుపాటి గొంతు నుంచి సన్నటి గొంతుకు మెల్లగా ఎక్కిస్తూ పోతుంది. స్పీకర్లలో లోపం వెతకడానికి వాడతాను.

ఈల ఎక్కుతోంది. ఫోన్ తెర మీద హెర్ట్జ్‌ల అంకె ఐదువందలు, వెయ్యి, రెండువేలు. ఓదెలన్న తల ఊపుతున్నాడు. మూడువేలు దాటుతుండగా నా వైపు తిరిగాడు.

"ఎందుకు ఆపినవు?"

నేను ఆపలేదు. ఈల మోగుతూనే ఉంది. వంటింటి గడపలో వదిన చెవి మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఆపలే అన్నా. మోగుతున్నది."

ఉన్నట్టుండి అతను లేచాడు.

"నీ సైరన్ కత, బల్లి కత ఇన్న. ఇప్పుడు నా చెవులు పోయినయని ఇంకో కత చెప్తున్నవా? పోయిన మెడికల్ల పాసైన. ఇరవై ఎనిమిదేండ్ల సంది డంపర్ తోల్తున్న. డబ్బాలు సరిగ జోడీ చెయ్యరాక నా మీద పెడుతున్నవు!"

నిజం చెబుతున్నా, ఆ క్షణంలో ఒక కథ నా నాలుక చివరిదాకా వచ్చింది. వైరు పాతదన్నా, ఫోన్ మంచిది కాదన్నా నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇంకో ట్వీటర్ వేసి, టీ తాగి వెళ్లిపోవచ్చు. కానీ మూడువేల దగ్గర మోగేది ఏమిటో నాకు తెలుసు.

"అన్నా, ఎంక్వయిరీ ఎప్పుడు?"

"ఎల్లుండి. ఎందుకు?"

"విజిల్ గీడనే ఉంటది. నీకు ఆగిపోయినట్టు అనిపించిన జాగల."

అతను నా చొక్కా పట్టుకుంటాడనుకున్నాను. వదిన కూడా అలాగే అనుకుందేమో, రెండడుగులు ముందుకొచ్చింది. అతను నా చేతిలోని ఫోన్ లాక్కున్నాడు.

"నీ చేతిల ఉంటె ఏమన్న చేస్తవు. నేను చూస్త. ఏమే, గోడ దిక్కు తిరుగు. సప్పుడు వస్తె చెయ్యి లేపు, పోతె దించు."

వదిన దూది తీసేసి గోడ వైపు తిరిగింది. ఈలను మూడున్నర వేల దగ్గర నిలిపి ఎలా నొక్కాలో చూపించి, నేను కుర్చీ వెనక్కి జరిపి కూర్చున్నాను. అతను నొక్కాడు. ఆంప్లిఫయర్ మీటరు ముల్లు లేచింది. వదిన చెయ్యి లేచింది. ఆపాడు. ముల్లు పడింది, చెయ్యి దిగింది. చాలాసేపు ఊరికే ఉన్నాడు. చెయ్యి లేవలేదు. టక్కున నొక్కాడు. లేచింది. వెంటనే ఆపి, మళ్లీ నొక్కి, మళ్లీ ఆపాడు. ఎలాగైనా మోసం పట్టుకోవాలని అతని పట్టుదల. వదిన చెయ్యి ఒక్కసారీ తప్పలేదు.

నా మాట నమ్మకపోవడానికి అతనికి కారణాలున్నాయి. ముల్లును నమ్మకపోవడానికి లేవు. ఆయిల్ ప్రెషర్ ముల్లు పడితే బండి ఆపేసే మనిషి అతను. అద్దం దగ్గరికి వంగి, ఊగుతున్న ముల్లునూ తనకు మాత్రం మౌనంగా ఉన్న స్పీకర్లనూ చూస్తూ ఉండిపోయాడు. ఆఖరికి ఫోన్ కింద పెట్టాడు.

"ఏమే, నువ్వు నాతోని గట్టిగ మాట్లాడవట్టి ఎన్నేండ్లయింది?"

"నాలుగేండ్లు కావచ్చు. డ్యూటీల అలిసొస్తవు, ఇంటలేవు అనుకున్న."

"అందరు నసుగుతున్నరని నేను అనుకున్న," అన్నాడు. నన్ను చూడకుండానే అడిగాడు: "తమ్మీ, వాడు ఊదే ఉంటడా?"

"నేను ఆడ లేనన్నా. ఊదినా నీకు ఇనబడి ఉండదు. గంతే చెప్పగలుగుత."

"ఇది బయటపడితె నా డంపర్ సీటు పోతది. ఎరికేనా?"

"ఎరికే."

"రేపు ఫస్ట్ షిఫ్టు నాది."

పెట్టె సర్దుకున్నాను. గడప దాటుతుంటే వెనకనుంచి అన్నాడు: "ఎవ్వలికీ చెప్పకు. చెప్పినా నిన్నెవడు నమ్మడులే."

అది నిజం. సోమవారం తెల్లవారక ముందే లేచి కూర్చున్నాను. గని ఆఫీసుకు వెళ్లి చెబుదామా? సైరన్ కథలు చెప్పే ఈ సదయ్య వచ్చి ఫలానా ఆపరేటర్‌కు చెవులు లేవంటే గేటు దగ్గరే నవ్వి పంపేస్తారు. చెప్పకపోతే, ఆ పొద్దు ఆ చక్రం వెనక ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. షట్టర్ సగం ఎత్తి కూర్చుని, స్కూటర్ తాళం చేతిలో తిప్పుతూ ఉన్నాను. ఎనిమిది గంటలకు నా వల్ల కాలేదు. నవ్వితే నవ్వుతారని స్కూటర్ తీస్తుంటే వదిన ఫోన్ చేసింది.

"సదయ్యా, మీ అన్న బండి ఎక్కలేదట. సీదా మేనేజర్ దగ్గరికి పోయిండట. రాసిచ్చిన కాయిదం తప్పని చెప్పి, చెవుల పరీక్షకు పంపుమన్నడట. గిప్పుడే దవాఖాన కాడినుంచి ఫోన్ చేసిండు."

నేను స్కూటర్ మీదే కూర్చుండిపోయాను. అవతల వదిన ఏడుస్తోందో, ఊపిరి పీల్చుకుంటోందో తెలియలేదు.

పరీక్షలో అనుకున్నదే తేలింది. ఏళ్ల తరబడి మోతలో పనిచేసిన చెవి ముందుగా సన్నటి శబ్దాలనే పోగొట్టుకుంటుందట. మాటలు వినపడుతూనే ఉంటాయి కాబట్టి మనిషికి తెలియదట. ఓదెలన్నను డంపర్ నుంచి దించి స్టోర్స్‌లో వేశారు. రాజం పని పోకుండా నిలిచింది. ఓదెలన్న అతని దగ్గరికి వెళ్లాడని విన్నాను. అక్కడ ఏం మాట్లాడుకున్నారో తెలియదు. లేని సంగతులు ఇన్ని అల్లాను గానీ, ఆ మాటలు మాత్రం అల్లబుద్ధి కాలేదు.

నాలుగు నెలలు నా దుకాణం వైపు రాలేదు. ఎదురుపడితే రోడ్డు దాటి వెళ్లేవాడు. సీటు దిగిన మనిషికి ఆ మాత్రం కోపం ఉండాలి. నాకూ ఉండాల్సింది, నా మీద. వాట్లు కొలిచాను, ఓమ్స్ కొలిచాను, రెండు ట్వీటర్లు మార్చాను. వినే మనిషిని ఒక్కసారైనా కూర్చోబెట్టి ఏం వినపడుతోందని అడగలేదు. ఇప్పుడు ఎంత తొందరలో వచ్చినవాణ్నయినా ముందు కుర్చీలో కూర్చోబెట్టి ఈల వినిపిస్తాను. ముగ్గురిని దవాఖానకు పంపాను. ఇద్దరు తిట్టారు.

ఐదో నెలలో ఓదెలన్న వచ్చాడు. "డబ్బాలు సరిగ పెట్టిపోదువు రా" అన్నాడు, అంతే. ఇంటికి వెళ్లి ఆంప్లిఫయర్ ముందు కూర్చున్నాను. ట్రెబుల్ ఎంత పెంచమంటావని అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"నాకు ఇనబడేటట్టు పెట్టకు. ఎట్లున్నది అట్ల పెట్టు."

నాబ్‌ను మధ్యలో నిలిపాను. ఒగ్గు కథ మొదలైంది. డోలు నిండుగా వచ్చింది. కథకుడి గొంతు వెనక తాళాలు సన్నగా, ఒద్దికగా మోగాయి. ఓదెలన్న కళ్లు మూసుకుని విని, పక్కన కూర్చున్న వదినను అడిగాడు.

"తాళాలు వస్తున్నయా?"

"వస్తున్నయి."

"ఎట్ల వస్తున్నయి?"

వదిన డబ్బాల వైపు చెవి వంచింది. "అవతలింట్ల పోపుల ఆవాలు వేస్తరు సూడు, గట్ల."

"గట్లనా," అని అతను వెనక్కి వాలాడు. నాబ్ అతని చేతికి అందేంత దూరంలోనే ఉంది. ముట్టుకోలేదు.