మెరుపుకీ ఉరుముకీ మధ్య పది పేర్లు

మీరు చదవబోయేది ఆకాశంతో ఒంటరిగా తలపడిన ఒక యువకుడి వీరగాథ. ఇందులో పిడుగులున్నాయి, తుఫాను షెల్టరు ఉంది, పొలం గట్ల మీద పరుగు ఉంది, పన్నెండుమంది ఆడవాళ్ల ప్రాణాలున్నాయి. ఇంత చెప్పాక నిజం కూడా చెప్పేయడం మర్యాద: ఇది వీరగాథ కాదు, నేను తలపడలేదు, ఆకాశం నన్ను గమనించిన దాఖలా కూడా లేదు. మూడు వానాకాలాలపాటు నేను చేసిందల్లా ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మెరుపులు లెక్కపెట్టడం.

నిన్న మధ్యాహ్నం విజయనగరంలో బండికి పంచరు వేయిస్తూంటే షాపులో ఉన్న అందరి ఫోన్లూ ఒక్కసారి కుయ్యిమన్నాయి. మీ ప్రాంతంలో పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద నిలబడవద్దు అని సందేశం. అందరూ దాన్ని వేలితో పక్కకు తోసేసి మళ్లీ క్రికెట్టులో పడ్డారు. నేను మాత్రం అలవాటు కొద్దీ తలెత్తాను. తూర్పున సన్నగా మెరిసింది. పెదాలు వాటంతటవే పేర్లు చదవడం మొదలుపెట్టాయి. ముప్పై రెండేళ్లకే జ్ఞాపకాలు రాసేవాణ్ణి చూసి పెద్దలు నవ్వుకోవచ్చు గాని, నా ఈడు వాళ్లు అర్థం చేసుకుంటారు. మనం మొదటి ఉద్యోగం చేసిన చోటు మొన్నటిదే అయినా ఎంత పాతదైపోయిందో మనకు మాత్రమే తెలుసు.

భౌతికశాస్త్రంలో డిగ్రీ అయ్యాక విశాఖలోని ఒక పరిశోధన సంస్థ వాళ్లు నన్ను తాత్కాలిక పరిశీలకుడిగా తీసుకుని, నరసన్నపేట దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఒక పల్లెలో, తుఫాను షెల్టరు పై అంతస్తులో దింపి వెళ్లిపోయారు. డాబా మీద ఒక యాంటెన్నా, గాలిలోని విద్యుత్తును కొలవడానికి బోర్లించిన టేబుల్ ఫ్యాను లాంటి ఒక యంత్రం, గదిలో ఒక కంప్యూటరు. ఊరు ఊరంతా తలదాచుకోవడానికి కట్టిన ఆ భవనంలో, తుఫాను లేని రోజుల్లో, అంటే దాదాపు అన్ని రోజుల్లో, నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి. దగ్గితే గోడలు తిరిగి దగ్గేవి. మొదట్లో భయమేసింది, తర్వాత అలవాటైంది, ఆఖరికి ఎవరో ఒకరు బదులిస్తున్నారు కదా అని కాస్త హాయిగా కూడా అనిపించిందంటే నా పరిస్థితి మీరే ఊహించుకోండి.

యంత్రాలు గొప్పవే గాని వాటికొక బలహీనత ఉంది. మెరుపులు మొదలవగానే ఊళ్లో కరెంటు పోయేది; బ్యాటరీ ఇరవై నిమిషాలకు కన్ను మూసేది; అంటే మెరుపుల్ని చూడ్డానికి పెట్టిన యంత్రం, మెరుపులు లేనప్పుడు మాత్రం చాలా చురుగ్గా పనిచేసేది. అందుకే చేతి పుస్తకం. ఏ సమయానికి మెరిసింది, ఏ దిక్కున, ఎన్ని సెకన్లకు ఉరిమింది. వెలుగు వెంటనే కనబడుతుంది, చప్పుడు నడుచుకుంటూ వస్తుంది కాబట్టి, మధ్యలో ఎన్ని సెకన్లు గడిస్తే పిడుగు అంత దూరం. నేను నిద్రపోతున్నానో లేదో తెలియడానికి కాబోలు, ఊళ్లోంచి ఇంకొక పరిశీలకుణ్ణి కూడా చూసుకోమని మా అధికారి ఫోనులో చెప్పారు.

అలా దొరికింది అత్త. నాకు చుట్టరికమేమీ లేదు, ఊరందరికీ అత్తే. షెల్టరుకి కిలోమీటరు దూరంలో, సరుగుడు తోటల అవతలి పొలాల్లో వరి ఉభాలకు, అంటే నాట్లు వేయడానికి, ఆడవాళ్లను తీసుకెళ్లే మేస్త్రి ఆమె. నేను చేసే పని చెప్పగానే నన్ను పైనుంచి కిందకి చూసింది.

"మెరుపులు లెక్కెడతావేటి బావూ? అవేటి కోడిపిల్లలా, సాయంకాలానికి గూటికొచ్చీసినాయో లేదో సూడ్డానికి?"

ఆమెకు గడియారం చూడటం రాదు. కాని మెరుపు మెరిస్తే పిడుగు మీద పడకూడదని మనవాళ్లు గడగడా చదువుకునే ఆ పది పేర్లూ వచ్చు. నాకొక దివ్యమైన ఆలోచన తట్టింది. ఒక్కో పేరు ఒక్కో సెకను చొప్పున నిదానంగా చదివితే ఒక తడవకు పది సెకన్లు. మూడు తడవలు చదివితే ముప్పై, అంటే పిడుగు పది కిలోమీటర్ల దూరం. మెరిసిన క్షణాన మొదలుపెట్టు, మూడు తడవలు పూర్తయ్యేలోగా ఉరిమితే పిడుగు దగ్గర్లో ఉన్నట్టు, అందర్నీ లేపుకుని షెల్టరుకి వచ్చేయ్, పూర్తయ్యాక ఉరిమితే ఫోనులో నాకు చెప్పి పని చేసుకో అన్నాను. శాస్త్రాన్ని సంప్రదాయంతో కలిపానని నాలో నేను చాలా మురిసిపోయాను. మురవడానికి అక్కడ ఇంకెవరూ లేరు కూడా.

ఆ తర్వాత మబ్బు పడితే ఫోను మోగేది. అయిపోనాయి బావూ, తర్వాతే ఉరిమినాది అని చెప్పేసి, అన్నం తిన్నావా, కూరేటి అని అడిగేది. రోజూ చారు మెతుకులే తినేవాణ్ణి, ఆమెకు మాత్రం రోజుకో కూర కల్పించి చెప్పేవాణ్ణి; ఒకసారి పనసపొట్టు కూర వండానన్నాను, అది ఎలా వండావో చెప్పమని నిలదీసేసరికి సిగ్నలు పోయినట్టు నటించాల్సి వచ్చింది. మామూలు మనుషులు మబ్బు పడితే ఆరేసిన బట్టలు తీసుకుంటారు. నేను ఫోను చార్జింగులో పెట్టేవాణ్ణి. ఎండ కాసిన రోజు మాట్లాడేందుకు ఎవరూ ఉండేవారు కాదు.

రెండో ఏడు మా అధికారి ఆమె లెక్కలు చూసి ఒక సందేహం అడిగారు. ఆ ఊరి పిడుగులన్నీ ఆవిడకు సరిగ్గా పది కిలోమీటర్ల అవతలే ఎందుకు ఆగిపోతున్నాయి, లక్ష్మణరేఖ ఏమైనా గీసిందా అని. నా లెక్కకీ ఆమె లెక్కకీ తేడా వచ్చిన రోజులు నిజంగానే ఉన్నాయి. కాని మెరుపులు గుంపుగా వచ్చినప్పుడు ఏ ఉరుము ఏ మెరుపుదో, పెళ్లిలో ఎవరు ఎవరి తరఫువాళ్లో తెలియనట్టే, తెలియదు. అదే చెప్పి తప్పించుకున్నాను. ఆమె మీద అనుమానం రాలేదు. వస్తే ఫోన్లు ఆగిపోతాయన్న భయం ఎక్కడో ఉండి ఉంటుంది.

ఆ శ్రావణంలో ఒక మధ్యాహ్నం పడమట నల్లగా కమ్ముకొచ్చింది. కరెంటు పోయింది, యంత్రం తన పద్ధతిలో తను పడుకుంది. మెరిసింది, గడియారం నొక్కాను, పన్నెండో సెకనుకు ఉరిమింది. ఫోను మోగింది.

"మూడు తడవలూ సదివీసినాను బావూ. దూరవే."

ఇంతలో మళ్లీ మెరిసింది. ఈసారి ఆమె ఫోను పెట్టేయలేదు. అవతల ఆమె చదవడం విన్నాను. అది చదవడం కాదు. మెట్ల మీంచి శనగలు ఒలికినట్టు ముప్పై పేర్లూ దొర్లిపోయాయి, ఆఖరిది అయిందో లేదో ఉరిమింది. నా గడియారంలో ఎనిమిది సెకన్లు.

ఏడాదికి పైగా జరుగుతున్నదేమిటో అప్పుడు తెలిసింది. పిడుగు ఎంత దగ్గరైతే ఆమె అంత వేగంగా చదివేది. నేనిచ్చిన లెక్క ప్రకారం ఆమెకు ప్రమాదమన్నది రానే రాదు.

వచ్చేయండి అని అరిచాను, లైను తెగింది. బండి తీశాను, సరుగుడు తోట దాటాక గట్టు మీద పరుగు. అప్పుడు బయటికి రాకూడదని నా దగ్గరున్న ప్రతి కాగితంలోనూ రాసి ఉంది. మడిలో పన్నెండుమంది నడుములు వంచి నాట్లు వేస్తున్నారు, అత్త చేతుల్లో నారు పట్టుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతోంది. రమ్మంటే కదల్లేదు.

"ఉండు బావూ, సగంలో ఆపీమంటావేటి? పేర్లు అరకొరగా వదిలీసి పారిపోతే ఆ పాపం ఎవులికి? ఉరుము రాకముందే అన్నీ సదివీయాలి. దగ్గిరిదైతే బేగి సదవాలి. ఆమాత్రం తెలీదా సదువుకున్నోడివి?"

ఆమె కోడలు మాత్రం నా మొహం చూసి నారు కట్ట నీళ్లలో పారేసింది. "అత్తా, ఈ బావు ఏడ్సీలాగున్నాడు, పద" అంది. అలా కదిలారు. శాస్త్రం విని కాదు.

షెల్టరు మెట్లెక్కుతుండగా వెనకాల ప్రపంచమంతా తెల్లబడింది, మూడో పేరు దాటకముందే చెవులు మూసుకుపోయాయి. వాళ్ల గట్టు మీది తాటిచెట్టు నిలువునా చీలి కాలింది. దాని మొదట్లోనే వాళ్ల అన్నం క్యారేజీలున్నాయి. తర్వాత ఒకావిడ, "నా గిన్నెలో గోంగూర ఉన్నాదే" అంది, అందరూ ఒక్కసారి ఏడ్చి, నవ్వారు.

అత్త నా దగ్గరికొచ్చి చెవిలో అడిగింది, ఇన్నాళ్లూ తను చెప్పినవన్నీ తప్పేనా అని. తప్పు నాదని చెప్పాను. అది హాస్యం కాదు.

చివరి ఉరుము తర్వాత అరగంట దాకా కదలకూడదన్నాను. ఆ ఖాళీ భవనంలో మొదటిసారి మనుషుల వాసన, తడిచీరల వాసన, బురద కాళ్ల గుర్తులు. నా గదిలోని చారు చూసి, ఇదేనా నీ పనసపొట్టు అని దెప్పారు. ఒకామె ఉల్లిపాయలు వేయించింది. అరగంట కావస్తుండగా నేను తలెత్తి, ఉష్, ఉరిమింది, మళ్లీ అరగంట అన్నాను. ఉరమలేదు. సమయం వేసి, దిక్కు వేసి పుస్తకంలో కూడా రాశాను. నా మూడేళ్ల లెక్కల్లో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే.

లేచి నిలబడ్డ అత్త నన్ను చూసింది, ఎండ కాస్తున్న కిటికీని చూసింది. "నీకొక్కడికే ఇనిపించీ ఉరుము కూడా ఉంటాదేటి బావూ?" అంది. మళ్లీ చతికిలబడి, మిగతావాళ్లతో, "కూకోండే, సదువుకున్నోడు సెప్తన్నాడు" అంది.

మూడో ఏడు చివర్లో పథకం ముగిసింది, యంత్రాలు మూటకట్టి పంపేశాను. ఇప్పుడు హెచ్చరికలు ఆకాశం నుంచి నేరుగా ఫోన్లకు వస్తున్నాయి, మధ్యలో మనుషులు అక్కర్లేదు. అది మంచిదే, ఎవరి నోటి వేగం మీదా ఎవరి ప్రాణమూ ఆధారపడనక్కర్లేదు. కాకపోతే అన్నంలోకి కూరేమిటని ఆ సందేశాలు అడగవు. అత్త పాత నంబరు ఇప్పుడు ఎవరో ఎత్తి తప్పు నంబరంటారు.

సాయంకాలాలు ఈశాన్యం వైపు మెరిస్తే ఇప్పటికీ డాబా ఎక్కి, నిదానంగా, ఒక్కో పేరుకీ ఒక్కో సెకను ఇస్తూ మూడు తడవలు చదువుతాను. పూర్తయ్యాక కూడా కాసేపు వింటాను. ఏమీ వినబడదు. ఉరుము మామూలుగా ఇరవై కిలోమీటర్లు దాటి వినిపించదు. ఇక్కడికీ ఆ ఊరికీ రోడ్డున తొంభై పైనే ఉంటుంది.